సన్నాహము

ఆషాఢమాసపు పడమటిగాలి హలసూరు మేడలమీద ఆరవేసిన చీరలను దండెములనుండి ఊడబెరికి పొరుగిండ్ల గోడలపై పడవేయుచున్న ఒక ఉదయమున, పొడవైన అట్టగొట్టములో చుట్టచుట్టి పెట్టిన నీలిరంగు తెరచాపలు రెండు మా ఇంటికి వచ్చినవి. వానితోపాటు ఒక చేతిసంచిలో ఉక్కుతీగలు మూడు, రంగురంగుల త్రాళ్లు అయిదు, చిన్న కప్పీలు నాలుగు, చిటికెనవ్రేలి గోటికంటె పెద్దవి కాని చీలలు, ఆ చీలల చివర తొడుగవలసిన సన్నని ఉంగరములు ఉండెను. పెద్ద తెరచాపను విప్పి నడవలో పరచినప్పుడు అది గంజిపెట్టిన క్రొత్త పంచెవలె పెళపెళలాడినది. దాని వాసన మాత్రము క్రొత్త గొడుగు వాసన. నా భార్య దానిని చేతితో తడిమి చూచి, "ఇంత బిరుసు గుడ్డ గాలికి ఎట్లా పొంగుతుందండీ?" అని అడిగినది. ఆ ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేదు. నాయొద్ద ఉన్నది ఒక్క కోరిక: ఎన్నడైన ఒకనాడు యంత్రము లేని పడవలో, కేవలము గాలి బలిమిచేత, నీటిమీద పోవలెనని. ఆ కోరికకును ఆ నీటికిని నడుమ ఇన్ని ముడులు, ఇన్ని చీలలు ఉన్నవని అంతవరకు ఎరుగను. ఆ దినమున నాకవి అడ్డంకులుగా తోచినవి.

పడవ అంతకు రెండు నెలలు ముందే వచ్చినది. ఎవరో వాడి వదలినది. మా ఇంటిప్రక్క ఖాళీస్థలమున పాత లారీటైర్లు రెంటిమీద బోర్లించి, దాని అడుగున పగుళ్లను పూడ్చి, వార్నీషు పూసి ఉంచితిమి. అది ఎంటర్‌ప్రైజ్ అను జాతి పడవ. 1956లో ఆంగ్లదేశమున జాక్ హోల్ట్ అను పడవల రూపశిల్పి, న్యూస్ క్రానికల్ అను దినపత్రిక ప్రోత్సాహముతో, సామాన్య గృహస్థుడు తన పెరటిలో ప్లైవుడ్డుతో నిర్మించుకొనదగిన విధమున దానిని కల్పించెను. నిడివి 13 అడుగుల 3 అంగుళములు, ఎక్కువారు ఇద్దరు, తెరచాపలు రెండు, అవియు నీలిరంగువి. మన దేశమున సైనికుల పడవరేవులలోను, సికింద్రాబాదువారి హుస్సేన్ సాగరము మీదను ఈ నీలి తెరచాపలు చిరకాలమునుండి పరిచితములే. ధనికుల విలాసముగా ఉండిన నౌకావిహారమును బడిపంతులకును గుమాస్తాకును అందుబాటులోనికి తెచ్చిన పడవలలో ఇది ముందువరుసలోనిది అని నాకు దానిమీద గౌరవము.

సముద్రమట్టమునకు 900 మీటర్ల ఎత్తున, తూర్పు తీరమునకు సుమారు 300 కిలోమీటర్ల దూరమున, ఒక పెద్ద నది యైనను ప్రక్కన లేని ఈ బెంగళూరున తెరచాపమాట ఎత్తుట వింతగా ఉండవచ్చును. కాని ఈ ఊరు చెరువుల ఊరు. మా హలసూరు చెరువు కెంపేగౌడల కాలపుదని ప్రతీతి. దాని ఒడ్డుననే మద్రాసు సాపర్ల స్థావరము; 1780లో పుట్టిన ఆ పటాలమున మన తెలుగుజిల్లాల యువకులు తరతరములుగా చేరుచున్నారు; వంతెనలు కట్టుట, నీటిని దాటుట వారి వృత్తి. సాపర్లు ఏ ఇంజనీర్ల దళమునకు చెందిరో, ఆ దళపు సైనికులే తృష్ణ అను చిన్న తెరచాపనౌకలో 1985 సెప్టెంబరు 28వ తేదీన బొంబాయి విడిచి, భూగోళమును చుట్టి, 1987 జనవరి 10వ తేదీన మరల బొంబాయి చేరిరి. భారతీయులు తెరచాపతో భూప్రదక్షిణము చేయుట అదియే మొదటిసారి. తృష్ణ యన దప్పిక. నాలుగుప్రక్కల ఉప్పునీటి నడుమ పోవు ఓడకు ఆ పేరు పెట్టినవారెవరో గాని, వారి భావుకతకు నమస్కారము.

ఆ పటాలముననే పనిచేసి విశ్రాంతి పొందిన సుబేదారుగారు ఒకరు మా వీధి చివర కాపురమున్నారు. మదనపల్లె ప్రాంతమువారు. నేను మూడునాళ్లు ఆ తీగలతో పెనగులాడుట దూరమునుండి చూచి చూచి, నాలుగవనాడు చేతిలో ఒక సన్నతాడు ముక్క పట్టుకొని వచ్చి, "సార్, ముందు కూర్చోండి. ముడి నేర్చుకోండి. కొయ్య మాట తర్వాత" అనిరి.

ఆ పూట అంతయు ముడులతోనే గడచినది. నావికులు బౌలైన్ అని పిలుచు ముడిని ఆయన ఇట్లు నేర్పిరి: త్రాటిమీద చిన్న ఉచ్చు ఒకటి పన్నవలెను, అది పుట్ట, నిలువున పోవు త్రాడు చెట్టు, చేతిలోని కొస పాము. "పుట్టలో నుంచి పాము బయటికొచ్చింది. చెట్టును చుట్టుకునింది. మళ్ళా పుట్టలోకే దూరింది. ఇంగ లాగండి." లాగితిని. అరచేయి పట్టునంతటి వలయమొకటి ఏర్పడినది. దానిని నా పాదమునకు తగిలించుకొని రెండుచేతుల గుంజినను ఇసుమంతయు జారలేదు. గుంజుట మానిన పిమ్మట బొటనవ్రేలితో దాని మెడను వెనుకకు వంచగా మైనమువలె విడిపోయినది. ఈ రెండవ గుణమే నన్ను ఆశ్చర్యపరచినది. భారము పడినంతసేపు బిగిసియుండి, భారము తొలగినంతనే ఏ పంతమును లేక విడివడుట! మా చిన్ననాట గోనెసంచుల మూతులకు వేసిన పీటముడులను పండ్లతో పీకి పీకి, తుదకు కత్తితో కోయుటయే నాకు తెలిసిన విద్య. మంచి ముడికి బిగువు ఎంత ముఖ్యమో విడుపు అంత ముఖ్యమని నలువది దాటిన పిమ్మట, ఒక త్రాటిముక్కవలన నేర్చుకొంటిని.

త్రాడు మనకు క్రొత్తదా? బావికి చేంతాడు, ఎద్దునకు పగ్గము, దూడకు పలుపు, మంచమునకు నులక, తాటిచెట్టెక్కువానికి మోకు, పెరుగుకుండకు ఉట్టి; పని మారినకొలది పేరు మార్చి పిలిచిన జాతి మనది. ఇన్ని పేర్లు పెట్టుటకు ఎంత సహవాసము కావలెను! నేడు ఆ సహవాసము పోయినది. నీరు కుళాయిలోనుండి వచ్చుచున్నది, మంచము కొట్టునుండి వచ్చుచున్నది. చేతికి తెలిసిన ముడులు పాదరక్షల దగ్గర ఆగిపోయినవి, అవియు నేడు పలువురకు అంటుపట్టీలే. పడవ సామగ్రి విప్పిననాడు నా చేతులు ఎంత నిరక్షరములైనవో నాకు తెలిసివచ్చినది.

మరునాడు పడవను వెల్లకిల త్రిప్పి, తెరచాపకొయ్యను నిలిపితిమి. కొయ్య యనుట వాడుకమాట. మాకు వచ్చినది అల్యూమినియపు స్తంభము, ఆరు మీటర్లకు కొంచెము మించును. దాని పాదమును పడవ నడుమనున్న గూటిలో దించి నేను కౌగిలించుకొని నిలుచుంటిని. పైన గాలి ఆడుచున్నది. ఆ ఊపు స్తంభమున పైనుండి క్రిందికి దిగి నా ఎముకలకు తెలియుచున్నది. నా బలమంతయు పెట్టి పట్టుకొనియున్నాను. సుబేదారుగారు తొందర లేక ముందుతీగను పడవ ముక్కునకు, ప్రక్కతీగలను ఇరుప్రక్కల అంచులకు తగిలించి, ఒక్కొక్క చీలను దూర్చి, చీలచీలకు ఉంగరము తొడిగి, చివర "చెయ్యి వదలండి" అనిరి. నాకు ధైర్యము చాలలేదు. "వదలండి సార్. నిలబెట్టేది మీ చెయ్యి గాదు." వదలితిని. స్తంభము కదలలేదు. కుడితీగను వ్రేలితో మీటి చూడుమనిరి. వీణతీగవలె సన్నగా మ్రోగినది. మన వీధులలో కరెంటు స్తంభమునకు నేలకు దిగగట్టిన ఉక్కుతీగను లైన్‌మన్‌లు స్టే వైరు అందురు గదా. ఆ స్టే అను మాట ఓడలనుండియే ఒడ్డెక్కినదని ఆయన చెప్పువరకు నేనెరుగను.

అప్పుడు నాకు చిన్ననాడు వల్లించిన అమరకోశము జ్ఞప్తికి వచ్చినది. వారివర్గమున ఓడకొయ్యకు అమరసింహుడు చెప్పిన పేర్లు రెండు: కూపకము ఒకటి, గుణవృక్షకము మరియొకటి. వల్లించునాడు గుణవృక్షకమనగా మంచి గుణములు గల చెట్టు కాబోలు ననుకొని, ఆ కలప మంచిదగుటచే ఆ పేరు వచ్చినదని నాకు నేనే అర్థము చెప్పుకొంటిని. ముప్పదియైదేండ్ల తరువాత, ఒక ఖాళీస్థలమున, రెండు లారీటైర్లమీది పడవలో నిలిచి, తలయెత్తి చూడగా, స్తంభమునుండి ఊడలవలె దిగుచున్న తీగలు, త్రాళ్లు కనబడినవి. గుణమనగా త్రాడు. త్రాళ్ల చెట్టు! ఆ మాట కట్టినవాడు తప్పక ఓడ ఎక్కినవాడై ఉండవలెను.

గుణమునకు త్రాడని అర్థము, వింటినారి యని అర్థము, లక్షణమని అర్థము. సత్త్వరజస్తమస్సులకు గుణములను పేరు అవి పురుషుని త్రాళ్లవలె బంధించుటచేతనే వచ్చినదని సాంఖ్యశాస్త్ర వ్యాఖ్యాతలు చెప్పుదురు. మూడు పేటల త్రాడును దగ్గరనుండి చూచినవానికి ఆ ఉపమానము గ్రంథమునుండి కాక చేతినుండియే తెలియును: ఏ పేటకు ఆ పేట ఒంటరిగా విడిపోవ చూచును, ఒకదాని మెలికను మరియొకటి అడ్డగించుటవలననే మూడును నిలిచియుండును. మనిషి గుణవంతుడన్నప్పుడు కూడ మన పూర్వుల మనసులో ఈ త్రాడే మెదలెనేమో! ఏ గాలికి ఆ గాలి కొట్టుకొనిపోకుండ, ఏవో కొన్ని తీగలచేత నాలుగుప్రక్కల ఈడ్వబడి నిలిచినవాడు గుణవంతుడు. నిటారుగా నిలిచినవానిని చూచి వాని వెన్నెముకను మెచ్చుకొందుము గాని, వానిని నిలిపిన తల్లిని, గురువును, ఊరిని, భయమును, మాటకట్టుబాటును చూడము. తీగలు సన్ననివి, దూరమునకు కనబడవు.

ఇంకొక మాట చెప్పవలసియున్నది. పెండ్లికైనను ప్రయాణమునకైనను మనము ముందుగా చేయు ఏర్పాటును సన్నాహమందుము. ఆ మాట నహ్ ధాతువునుండి పుట్టినది. ఆ ధాతువునకు అర్థము కట్టుట. లెస్సగా కట్టుటయే సన్నాహము. లెస్సగా కట్టబడినవాడే సన్నద్ధుడు. సంస్కృతమున కవచమునకు కూడ సన్నాహమను పేరున్నది, అదియు కట్టుకొనునదే గనుక. కాలికి కట్టుకొను ఉపానహమును ఈ కుటుంబములోనిదే. కాబట్టి మనవారి దృష్టిలో సిద్ధపడుటయన ఆలోచించుట కాదు, సంకల్పించుట కాదు, సామగ్రి కొనుట అంతకంటె కాదు, చేతులార ముడివేయుట. పడవయొద్ద గడిపిన ఆ పదునైదు దినములలో ఈ అర్థము నాకు అక్షరాల ఋజువైనది. నేను పుస్తకములు చదివితిని, బొమ్మలు చూచితిని, డబ్బు వెచ్చించితిని. అవన్నియు జరిగిన తరువాత కూడ నేను అసన్నద్ధుడనే.

కట్టు అను ఈ విద్యలో మన తీరమునకు ఎవ్వరి యెదుటను తల వంచుకొనవలసిన పనిలేదు. దుంగలను ప్రక్కప్రక్కన చేర్చి కట్టిన తెప్ప మన బెస్తలది. దానినే అరవమున కట్టుమరమందురు, అనగా కట్టిన మ్రాను. ఆ మాటయే ఐరోపా భాషలకెక్కి, నేడు ప్రపంచమంతట జంటపడవలకు కాటమరాన్ అను పేరైనది. చెన్నపట్టణమునకు హార్బరు లేని కాలమున, నడిసంద్రమున లంగరు వేసిన ఓడలనుండి మనుష్యులను, సరకులను ఒడ్డునకు చేర్చిన మసూలా పడవలలో ఇనుపమేకు మచ్చునకైనను లేదు. పలకకు పలకను కొబ్బరిపీచు త్రాటితో కుట్టెడివారు. కోరమండలు తీరపు అలల దెబ్బకు మేకులు దిగిన పలక చీలును. కుట్టిన పలక వంగి, అలతో కలిసి ఊగి, మరల తన రూపు తాను పొందును. అంతకు పూర్వము, క్రీస్తుశకము రెండవ శతాబ్దమున, యజ్ఞశ్రీ శాతకర్ణి తన సీసపు నాణెములమీద రెండు కొయ్యల ఓడను ముద్రింపించెను. రాజు తన బొమ్మకు బదులు ఓడబొమ్మను వేయించుకొన్న దేశము మనది అని తలచినపుడు నా మనసు ఇప్పటికిని ఉప్పొంగును.

కుట్టుపని అంతరించినదనుకొనుటయు పొరపాటు. 1962లో ఆ జాక్ హోల్టే, బారీ బక్‌నెల్ అను మరియొకనితో కూడి, మిర్రర్ అను చిన్నపడవను కల్పించినపుడు, ప్లైవుడ్డు పలకలను రాగితీగతో కుట్టి, ఆ కుట్లమీద గాజునేత అతికించు పద్ధతిని ప్రచారమునకు తెచ్చెను; వడ్రంగము రానివాడు కూడ పడవ చేసికొనవచ్చునని వేలకొలది కుటుంబములు ఆ పని చేసినవి. ఇక మనదేశముననే, అజంతా గోడమీది ఓడబొమ్మను ఆధారముగా గొని, కొబ్బరిత్రాటితో కుట్టి నిర్మించిన ఓడను 2025 మే 21వ తేదీన కారవారమున నౌకాదళము స్వీకరించి కౌండిన్య అని పేరు పెట్టినది. ఆ వార్త చదివిననాడు సుబేదారుగారు పత్రికను మడిచి జేబులో పెట్టుకొనిరి.

తెరచాప ఎత్తిన సాయంకాలమును నేను మరువజాలను. గుడ్డ అంచులో కుట్టిన త్రాడును కొయ్యవెనుక గాడిలో దూర్చి, కొంచెముకొంచెముగా పైకి లాగుచుండగా, నీలిరంగు వెడల్పు అంతకంతకు పెరిగి, ప్రక్కింటి పిల్లలు గోడనెక్కి కేకలు వేసిరి. మొదట అది ముడుతలుపడి టపటప కొట్టుకొనినది. వెనుకటి అంచున నున్న జేబులలో బద్దలు దూర్చితిమి. క్రింది అడ్డుకొయ్య కొసకు ఒక మూలను లాగి కట్టితిమి. క్రిందికి ఒకత్రాడు, వెనుకకు ఒకత్రాడు అంగుళమంగుళముగా బిగించితిమి. ఒక్కొక్క త్రాడు బిగిసినకొలది ఒక్కొక్క ముడుత మాయమై, తుదకు ఆ బిరుసు గుడ్డ పక్షిరెక్కవలె మెత్తని వంపు తిరిగినది. నా భార్య అడిగిన ప్రశ్నకు సమాధానము అదియే: గుడ్డ పొంగదు, కుట్టినవాడు ముక్కముక్కను కత్తిరించి కూర్చునప్పుడే ఆ వంపును అందులో దాచియుంచును, త్రాళ్లు దానిని వెలికి తీయును.

వెనుకగాలికి తెరచాప త్రోయబడుట ఎవరికైనను తెలియును. ఎదురుగాలిలో పడవ ఎట్లు ముందుకు పోవునన్నదే విద్య. వంపుతిరిగిన గుడ్డకు వెలుపలిప్రక్క గాలి వేగముగా జారును, అచట ఒత్తిడి తగ్గును, తెరచాప ఆ వైపునకు పీల్చబడును. పడవ ప్రక్కకు కొట్టుకొనిపోకుండ అడుగున నీటిలో దింపిన పలక అడ్డగించును. ఈ రెంటి నడుమ చిక్కిన పడవ, రెండు వ్రేళ్ల నడుమ నొక్కిన సీతాఫలపు గింజవలె, ముందుకు జారును. నేరుగా గాలికెదురు పోజాలదు. సుమారు 45 డిగ్రీల ఓరగా కొంతదూరము ఈ వైపు, కొంతదూరము ఆ వైపు వంకరటింకరగా పోవుచు, గాలి పుట్టినచోటికే చేరును. గాలి ఎట్లు పారుచున్నదో తెలుపుటకు గుడ్డమీద ఇరుప్రక్కల జానెడేసి ఊలుదారములు అతికింతురు. గాలి సరిగా పారుచున్నచో రెండు దారములును సమముగా వెనుకకు సాగును; తెరచాపను అతిగా బిగించినచో వెలుపలి దారము గిరగిర తిరుగును; అతిగా వదలినచో లోపలిది గంతులు వేయును. "గాలి మాట ఇనల్ల సార్. మనం చెప్పినట్ల అది ఇనదు" అని సుబేదారుగారు ఆ రెండు దారములను నాకు చూపిరి. కంటికి కనబడని గాలికి అంత చిన్న ఎర్రదారము నాలుకయైనది. ఆ ఖాళీస్థలమున, కదలని పడవలో, చీకటిపడువరకు ఆ దారములనే చూచుచు కూర్చుంటిని.

ఇంత శ్రద్ధగా నేర్చినను, నీటిమీదికి పోవునాటికి నా తొందర నన్ను ఓడించినది. కావేరి నదిమీది కృష్ణరాజసాగరపు వెనుకనీటికి పడవను కొనిపోయితిమి. ఆ ఆనకట్ట నిర్మాణము 1911లో ప్రారంభమైనది. అప్పటి మైసూరు చీఫ్ ఇంజనీరు విశ్వేశ్వరయ్యగారు, మోక్షగుండమువారు, మన తెలుగు పలుకుల ఇంటివారే. మేడల అడ్డులేని ఆ విశాలమున గాలి ఏకధారగా వచ్చును. నీటిని చూచినంతనే నాకు కాలు నిలువలేదు. కుడిప్రక్క సుబేదారుగారు కట్టిరి, ఎడమప్రక్క నేను కట్టితిని. బయలుదేరితిమి. నాలుగువందల గజములు పోయినపిమ్మట గాలి ఒక్కసారి హెచ్చినది. ఎడమనుండి ఖణేలుమని చిన్న చప్పుడు. మరుక్షణమున కొయ్య, తెరచాపలు, త్రాళ్లు అన్నియు కుడివైపు నీటిమీద ఒరిగిపోయినవి. ఎవరికిని దెబ్బ తగులలేదు. నీలిగుడ్డ నీటిలో తేలుచుండగా, గాలి మా చెవులలో మ్రోగుచుండగా, చాలసేపు ఇద్దరమును మాటాడలేదు. ఎడమతీగ కొసన చీల జారిపోయినది. దానికి ఉంగరము తొడుగలేదు. తొడుగవలసినవాడను నేను. పల్లెలో బండి నడిపినవారెవరైనను ఇరుసుకొసను కడచీల చూడక కదలరు. ఆ బండ్లవారి మనుమడనయ్యు నేను చూడలేదు.

తెడ్లతో ఒడ్డు చేరుటకు గంటసేపు పట్టినది. సుబేదారుగారు కోపపడలేదు. ఒడ్డున కూర్చుండి, నీరు పిండుకొనుచు, "ఉంగరాలు ఎన్ని తొడిగినారు సార్?" అని అడిగిరి. లెక్కపెట్టలేదంటిని. "ఇంగ లెక్కపెట్టల్ల" అనిరి, అంతే. నాటినుండి మేము పడవ విడువకముందు ఏడు చీలలను, తీగ కొసలవి ఆరు, కొయ్యపాదమునది ఒకటి, ఆయన వ్రేలితో ముట్టుచు పైకి లెక్కింతురు, ధాన్యము కొలుచు రైతువలె, ఒకటి అనరు, ఏడు అనరు: "లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరున్నొక్కటి." ఆ చివరిమాట పడువరకు నేను త్రాడు ముట్టను.

మహాసముద్రములమీద పోయినవారికి ఈ లెక్క ఎంతటిదో ఆలోచింపుడు. 2017 సెప్టెంబరు 10వ తేదీన గోవానుండి తారిణి అను నౌకలో నౌకాదళపు యువతులు ఆర్గురు భూప్రదక్షిణమునకు బయలుదేరిరి. అందు ఇరువురు మన ఆడపడుచులు: విశాఖపట్టణపు పి. స్వాతి, హైదరాబాదు బొడ్డపాటి ఐశ్వర్య. దక్షిణ సముద్రముల తుపానులను దాటి, ఇల్లు చేరువగుచున్న దశలో చుక్కాని నడుపు యంత్రము చెడగా, మారిషసునందు పోర్ట్ లూయిస్ రేవున ఆగి, బాగుచేయించుకొని, 2018 మే 21వ తేదీన గోవా చేరిరి. వారి సాహసమును గూర్చి పత్రికలు వ్రాసినవి, వ్రాయవలసినదే. నాకు మాత్రము ఆ దినములలో ఏ వేకువననో, తడిసిన చేతులతో, ఒక ఆడపిల్ల ఒంటరిగా ఒక చీల ఉంగరమును తడిమి చూచుకొనిన క్షణము కంటికి కట్టును. దానిని వ్రాసినవారు లేరు.

మన పిల్లలకు గెలుపును చూపుచున్నాము. పతకమును, పరుగు చివరి గీతను, చప్పట్లను చూపుచున్నాము. ముందటి గంటను చూపుట లేదు. వంటకు ముందు బియ్యమేరుట, కచేరీకి ముందు శ్రుతి చేయుట, నాటకమునకు ముందు ముఖమునకు రంగు పూయుట, ఇవన్నియు తెరవెనుక జరుగవలసినవనియు, చూడదగినవి కావనియు మనకొక అపోహ కలదు. సుబేదారుగారి చేతులను చూచిన తరువాత నాకు ఆ అపోహ లేదు.

పదునారవ శతాబ్దమున త్రవ్వించిన హుస్సేన్ సాగరముమీద నేటికిని ప్రతి వర్షాకాలమున తెరచాప పడవల పందెములు జరుగును. హైదరాబాదు సికింద్రాబాదులవారు, ఆ ప్రాంతములకు పోవువారు, మీ పిల్లలను వెంటబెట్టుకొని పొండు. పందెము మొదలగుటకు రెండుగంటలు ముందు పొండు. పడవలు ఇంకను ఒడ్డుననే ఉండును. మీ పిల్లల ఈడు పిల్లలే, పాదములు నీటిలో పెట్టుకొని, కొయ్యకు త్రాళ్లు కట్టుచుందురు. అచట నిలువుడు.